చాందా కోట గోడ వెంట గైడ్‌తో కాలినడక: ఎలా చేయాలి

మన దిక్కు నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ (పాత పేరు చాందా) వచ్చేవాళ్లు చాలావరకు మహాకాళి జాతరకో, తాడోబా పులుల కోసమో, దవాఖాన పని మీదో వస్తారు. పని అయ్యాక జట్‌పురా గేటు ముందు ఒక ఫొటో దిగి, కోట చూసేశామనుకొని బస్సెక్కుతారు. చాందాలో కోట అంటే పాత ఊరినంతా చుట్టి వచ్చిన రాతిగోడ. దాన్ని చూడాలంటే నడవాల్సిందే. తెలిసిన మనిషి వెంట ఉంటేనే ఆ గోడ ఎందుకు అక్కడ మలుపు తిరిగిందో, ఆ చిన్న ద్వారం ఎవరి కోసమో అర్థమవుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, రాజురా, సిరొంచల నుంచి ఒక్క రోజు కోసం వచ్చే తెలుగువాళ్లకు పనికొచ్చేలా ఈ నడకను ఎలా కుదుర్చుకోవాలో, ఏ వరసలో చూడాలో రాస్తున్నాం.

వెళ్లే ముందు ఇంత చరిత్ర చాలు

గైడ్ మొదటి పది నిమిషాల్లోనే పది మంది రాజుల పేర్లు చెప్తాడు. ముందే నాలుగు ముక్కలు తెలిసి ఉంటే ఆ పేర్లు కలగాపులగం కావు.

చాందాను ఏలిన గోండు రాజుల తొలి రాజధాని మన సిర్పూరే. ఇప్పుడు కుమురం భీం జిల్లాలో ఉన్న ఊరు. అక్కడి నుంచి వార్ధా నది దాటి బల్లార్‌పూర్‌కి, బల్లార్‌పూర్ నుంచి చాందాకి రాజధాని మారింది. చాందాను కట్టించడం మొదలుపెట్టింది ఖాండ్క్యా బల్లాళ్ షా, 15వ శతాబ్దంలో. గోడ ఒక్క రాజు కాలంలో పూర్తి కాలేదు, తర్వాతి తరాలు కొనసాగించాయి. 18వ శతాబ్దం మొదట్లో, బీర్ షా చనిపోయాక, ఆయన రాణి హిరాయి రాజ్యం నడిపింది. మీరు చూడబోయే వాటిలో సగం ఆమె చేయి పడినవే. 1751లో నీల్‌కంఠ్ షాతో గోండు పాలన ముగిసి ఊరు నాగపూర్ భోంస్లేల చేతికి వెళ్లింది. 1818 మే నెలలో బ్రిటిష్ సైన్యం ముట్టడించి పట్టుకుంది. 1850లలో నాగపూర్ రాజ్యంతో పాటు కంపెనీ పాలనలో కలిసిపోయింది.

ఇప్పుడు ఊరి నక్షా. గోడకు నాలుగు పెద్ద దర్వాజాలు: ఉత్తరాన జట్‌పురా, తూర్పున అంచలేశ్వర్, దక్షిణాన పఠాన్‌పురా, పడమట బింబా. వీటి మధ్య మనుషులు రాకపోకలు సాగించే ఐదు చిన్న ద్వారాలున్నాయి, వాటిని ఖిడ్కీలు అంటారు: బగడ్, హనుమాన్, విఠోబా, మసాన్, చోర్. తూర్పున ఝర్పట్ వాగు, పడమట ఇరై నది. రెండూ ఊరి దక్షిణాన కలుస్తాయి. ఈ రెండు నీళ్ల నడుమ ఒదిగిన ఊరు కాబట్టే గోడ గీత సూటిగా పోకుండా ఒంపులు తిరుగుతుంది. ఈ పేర్లూ దిక్కులూ ఒక చీటీ మీద గీసి జేబులో పెట్టుకోండి. నడుస్తున్నప్పుడు ఫోన్ మ్యాప్ కన్నా ఇదే ఎక్కువ ఆదుకుంటుంది. మ్యాప్‌లో సందులు కనిపిస్తాయి గానీ, గోడ ఎటు నుంచి ఎటు పోతోందో తెలియదు.

రోజు, వేళ ఎంచుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. దేశంలో ఎండ బాగా మండే ఊళ్లలో చంద్రపూర్ ఒకటి. మే నెలలో 46, 47 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. గోడ మీద నీడ ఉండదు, రాయి పొద్దున తొమ్మిదిన్నరకే కాలడం మొదలుపెడుతుంది. ఎండాకాలంలో తప్పనిసరై వస్తే 5:45కి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించండి, గోడ ఎక్కే భాగం మొదట్లోనే చూసేయండి. చలికాలంలో 6:30కి మొదలుపెడితే సరిపోతుంది.

వానాకాలంలో రెండు ఇబ్బందులు. గోడ మీద పాచి పట్టి కాలు జారుతుంది, పొదల్లో పాములుంటాయి. వార్ధా, ఇరై పొంగినప్పుడు పఠాన్‌పురా వైపు నీళ్లు వస్తాయి, రాజురా-బల్లార్‌పూర్ మధ్య వార్ధా వంతెన మీద రాకపోకలు ఆగిపోతాయి. గట్టి వాన పడిన వారంలో రాజురా మీదుగా రావాలనుకుంటే ముందురోజు రాత్రే వంతెన సంగతి కనుక్కోండి.

వారంలో ఆదివారం మేలు. జట్‌పురా నుంచి గాంధీ చౌక్ వరకు ఉండే బజారు దుకాణాలు ఆలస్యంగా తెరుస్తారు, బండ్లు తక్కువ. చైత్ర పౌర్ణమి ముందూ వెనకా రోజుల్లో కోట నడక పెట్టుకోవద్దు. అప్పుడు మరాఠ్వాడా నుంచీ తెలంగాణ నుంచీ జనం మహాకాళికి తరలివస్తారు, అంచలేశ్వర్ వైపంతా నిండిపోతుంది. జాతరకే వస్తే జాతర చూడండి, కోటకు ఇంకో రోజు రండి.

గైడ్‌ను కుదుర్చుకోవడం

2017లో ఈ గోడను కప్పేసిన చెట్టూచేమా, చెత్తా తొలగించే పని ఇకో-ప్రో అనే స్థానిక సంస్థ వాలంటీర్లు చేతికెత్తుకున్నారు. అంతకుముందు చాలాచోట్ల గోడ మీద నడిచే వీలే లేదు. కోట నడకలు నడిపేవాళ్లలో ఈ పనిలో చెమటోడ్చినవాళ్లు దొరికితే వాళ్లనే ఎంచుకోండి. ఏ రాయి కింద ఏముందో వాళ్లకు చేతులతో తెలుసు. లేకపోతే స్థానిక కాలేజీల చరిత్ర అధ్యాపకులనో, తాడోబా వైపు పని చేసే గైడ్‌లలో చాందా పాత ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లనో అడగండి.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి. “ఐదు ఖిడ్కీలూ ఎక్కడెక్కడున్నాయి, వాటిలో మనం ఏవి చూస్తాం?” అని అడగండి. నాలుగు దర్వాజాల పేర్లు ఆటోవాళ్లు కూడా చెప్తారు. ఖిడ్కీల సంగతి గోడ వెంట నడిచినవాళ్లకే తెలుస్తుంది. తడబడితే ఇంకొకరిని చూసుకోండి.

బయానా ఇచ్చే ముందు ఇవి తేల్చుకోండి: నడక ఎన్ని గంటలు, ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, గోడ మీదికి ఎక్కిస్తారా, కింది నుంచే చూపిస్తారా, లాల్‌పేఠ్ విగ్రహాలు (కింద ఏడో అంశం) కలిసి ఉన్నాయా, అక్కడికి ఆటో ఖర్చు ఎవరిది, డబ్బు మనిషికా, గుంపుకా. “సగం రోజు” అని మాట్లాడుకొని రెండు గంటల్లో ముగించడం ఎక్కువగా జరిగే గొడవ. అందుకే గంటల్లో చెప్పించుకోండి. నాలుగు గంటలు అడగండి.

గుంపు పన్నెండు మంది దాటొద్దు. గోడ మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. పదిహేనో మనిషికి గైడ్ మాట వినపడదు, వినపడనివాళ్లు తమ దారిన తాము పోతారు.

భాష సంగతి. గైడ్ మరాఠీలోనో హిందీలోనో చెప్తాడు. చాందా, బల్లార్‌పూర్‌లలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు, కాగితం మిల్లూ బొగ్గు గనులూ చుట్టూ తరాలుగా ఉన్నవాళ్లు. అక్కడ చుట్టాలుంటే ఒకరిని వెంట రమ్మనండి. చెప్పింది చెప్పినట్టు వాక్యం వాక్యం తెలుగు చేస్తుంటే గైడ్ ఊపు పోతుంది. రెండు నిమిషాలు ఆయన్ని చెప్పనిచ్చి, ఆపి, తెలుగులో చెప్పించుకోండి. వయసులో పెద్దాయనైతే “కాకా”, ఈడువాడైతే “దాదా” అంటే చాలు, ఆ పిలుపుతో ముఖం మారుతుంది.

వెంట ఏముండాలి

మనిషికి లీటరున్నర నీళ్లు, ఎండాకాలమైతే రెండున్నర లీటర్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. వేళ్లు కప్పే బూట్లు. చెప్పులతో గోడ ఎక్కితే రాళ్ల సందుల్లో కాలు మడత పడుతుంది. టోపీ లేదా తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా. సెంటు, వాసన నూనె పూసుకోవద్దు. బురుజుల పగుళ్లలో తేనెపట్లు ఉండొచ్చు. అదే కారణంతో గోడ మీద బీడీ, సిగరెట్ ముట్టించొద్దు. చిన్న టార్చి ఒకటి ఉంటే దర్వాజా లోపలి గూళ్లు చూడొచ్చు. మూత్రశాల పని బస్టాండ్‌లోనో రైల్వే స్టేషన్‌లోనో ముగించుకొని రండి. గోడ వెంట ఆ వసతి ఉంటుందని నమ్ముకోవద్దు, ఆడవాళ్లకు ఇది ముందే చెప్పాలి.

పొద్దున్నే తర్రీ పోహా (కారం పులుసు పోసిన అటుకులు) తింటే బాగానే ఉంటుంది గానీ తర్రీ కొంచెమే వేయించుకోండి. ఆ కారం గోడ మీద దాహంగా మారుతుంది. గట్టి నాస్తా నడక నడుమ పెట్టుకోవడమే మంచిది.

చేరుకోవడం

రైలులో వచ్చేవాళ్లు బల్లార్షాలో (బల్లార్‌పూర్ స్టేషన్ పేరు ఇదే) దిగి బస్సులోనో ఆటోలోనో చంద్రపూర్ రావొచ్చు, పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ. కొన్ని రైళ్లు చంద్రపూర్‌లోనే ఆగుతాయి. చాందా ఫోర్ట్ అనే స్టేషన్ పేరు చూసి మోసపోవద్దు. అది గోందియా లైనుది, దిగగానే ఎదురుగా కోట ఉండదు. ఆసిఫాబాద్ వాళ్లకు వాంకిడి, రాజురా, బల్లార్‌పూర్ మీదుగా రోడ్డు సులువు. సిరొంచ నుంచి ఆలాపల్లి, గోండ్‌పిప్రి మీదుగా రావడానికి చాలా సేపు పడుతుంది. వాళ్లు ముందురోజు రాత్రికే చేరుకొని ఊళ్లో పడుకుంటేనే పొద్దుటి నడక అందుతుంది.

ఏ వరసలో నడవాలి

గోడ చుట్టూ ఒక్క పూటలో తిరిగొద్దామని పట్టు పట్టొద్దు. పాత గెజిటీర్లు (బ్రిటిష్ కాలపు జిల్లా వివరాల పుస్తకాలు) చుట్టుకొలత ఐదున్నర మైళ్లన్నాయి, ఊళ్లో పదకొండు కిలోమీటర్లంటారు. ఏ లెక్క తీసుకున్నా, ఆగి చూస్తూ గైడ్ మాట వింటూ పోతే గంటకు రెండు కిలోమీటర్లు దాటలేం. ఈశాన్యం నుంచి తూర్పు మీదుగా దక్షిణం వైపు వచ్చే భాగం చాలు. ముఖ్యమైనవన్నీ అటే ఉన్నాయి. నడక ఐదారు కిలోమీటర్లు అవుతుంది.

1. జట్‌పురా దర్వాజా (20 నిమిషాలు). ఇక్కడ మొదలుపెట్టాలి, అదీ బండ్లు పెరగకముందే. ఏడున్నర దాటితే కమాను కింద నిలబడి పైకి చూడటం ప్రమాదం. ముందు బయటి వైపు, ఉత్తరాన నిలబడండి. శత్రువు ఎటు నుంచి వస్తాడో అటు నుంచే దర్వాజాను చూడాలి. ద్వారం పైన చెక్కిన సింహాన్ని వెతకండి. దాని కింద ఏనుగు అణిగి ఉంటుంది. ఇది చాందా గోండు రాజుల చిహ్నం, ఈ రోజు మీకు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. జట్‌పురా ముఖం ఉత్తరానికి కాబట్టి చలికాలపు ఎండ నేరుగా పడక చెక్కడం చదునుగా కనిపిస్తుంది. ఫొటోకు ఇక్కడ తంటాలు పడొద్దు, అంచలేశ్వర్ దగ్గర పొద్దుటి ఎండ ఎదురుగా పడుతుంది.

2. బగడ్ ఖిడ్కీ, గోడ మీది నడక (45 నిమిషాలు). రామాలా తలావ్ (చెరువు) దిక్కున సాగే ఈ భాగంలో గోడను దగ్గరగా చదవొచ్చు. ఎక్కే ముందు కిందే నిలబడి ఐదు నిమిషాలు రాళ్లను చూడండి. పదిహేను, ఇరవై అడుగుల ఎత్తు గోడ. అడుగున పెద్ద రాళ్లు, అంచులు చెక్కి ఒకదానికొకటి అతికినట్టు పేర్చినవి. పైకి పోయేకొద్దీ కొన్నిచోట్ల రాయి చిన్నదవుతుంది, వరస తప్పుతుంది, సందుల్లో సున్నం బదులు సిమెంటు కనిపిస్తుంది. వరస తప్పినచోటల్లా ఏదో కాలంలో మరమ్మతు జరిగిందన్నమాట. రావి మొలక ఎక్కడ పుట్టిందో చూడండి. వేరు సన్నని దారంలా సందులోకి దూరి, లావెక్కుతూ రాయిని బయటికి నెడుతుంది. ఆ సందులోంచి వాన నీరు గోడ కడుపులోకి దిగుతుంది, లోపలి మట్టీ రాళ్లపొడీ కొట్టుకుపోయి గోడ ఉబ్బుతుంది. కోటలు ఎక్కువగా కూలేది ఇలాగే. ఉబ్బిన చోటు కింద నిలబడొద్దు, దాని మీద నడవొద్దు.

పైకి గైడ్ చూపిన చోటే ఎక్కండి. లోపలి అంచు వైపు నడవండి, రెయిలింగ్ లేదు. పిట్టగోడ మీద కూర్చోవద్దు, దాని రాళ్లు వదులై ఉంటాయి. సెల్ఫీ తీసుకోవాలంటే ముందు నిలబడి, ఆ తర్వాత ఫోన్ తీయండి. నడుస్తూ వెనక్కి అడుగు వేయడమే పడిపోవడానికి పెద్ద కారణం. తుపాకీ కంతల్లోంచి చూసి, అవి ఏ వాలులో కోశారో గైడ్‌ను అడగండి. గోడ మొదట్లోకి చేరిన మనిషిని కొట్టడానికి ఒక వాలు, దూరంలో ఉన్నవాడికి ఇంకో వాలు. ఇది చేత్తో తడిమి చూస్తేనే తెలుస్తుంది.

3. అంచలేశ్వర్ దర్వాజా, గుడి (40 నిమిషాలు). చాందా పుట్టుక కథ ఈ చోటిదే. రాజు ఖాండ్క్యా బల్లాళ్ షాకు ఒంటినిండా కురుపులు. బల్లార్‌పూర్ నుంచి వేటకు వచ్చి, దాహమై ఎండిన ఝర్పట్‌లో ఒక చెలమ దగ్గర నీళ్లు తాగి ముఖం కడుక్కున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు, పొద్దున చూస్తే కురుపులు మానాయి. రాణి వెతికించగా ఆ చెలమలో ఆవు అడుగుల గుర్తులు కనిపించాయట, అక్కడే అచలేశ్వరుడి (ఊళ్లో అంచలేశ్వర్ అంటారు) గుడి కట్టారు. కుందేలు వేటకుక్కను తరిమిందనీ, అది తిరిగిన గీత వెంటే గోడ కట్టారనీ రెండో కథ. గైడ్ ఈ కథలు చెప్పేటప్పుడు అడ్డుకోవద్దు, పూర్తిగా చెప్పనివ్వండి. అయ్యాక మూడు ప్రశ్నలు వేయండి: ఇందులో రాతకెక్కింది ఎంత? జనం చెప్పుకునేది ఎంత? మీరు రాయి మీద చూపించగలిగేది ఎంత? మంచి గైడ్‌కు ఈ ప్రశ్నలంటే ఇష్టం. గుడిని హిరాయి కాలంలో మళ్లీ కట్టించారని చెప్తారు. బయటి గోడల మీద చిన్న చిన్న చెక్కడపు పలకలున్నాయి, వాటిని ఒక్కొక్కటిగా చూపించమనండి. ఆ రోజు ఆగే ప్రతి చోటా ఈ మూడు ప్రశ్నలే అడగండి. సాయంత్రానికి కథ ఒక పక్క, రాత ఒక పక్క, రాయి ఒక పక్క విడివిడిగా మనసులో నిలుస్తాయి.

4. గోండు రాజుల సమాధులు (45 నిమిషాలు). గుడి పక్కనే. ఊరి రొదకు ఇక్కడ తెర పడుతుంది, తొందరపడొద్దు. అన్నిటికన్నా పెద్దది బీర్ షా సమాధి, హిరాయి కట్టించింది. ముందు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తర్వాత దగ్గరికి పోండి. గుమ్మటం, కమానులు చూసి చాలామంది దర్గా అనుకుంటారు. ఆ కాలంలో దక్కనంతా వాడిన కట్టుబడి అది, గోండు రాజులు తమ వాళ్లకు వాడుకున్నారు. మిగతా చిన్న సమాధులు ఎవరివో గైడ్ పేర్లు చెప్తే, ఆ పేరు ఎలా తేలిందో అడగండి.

ఇది గోండులకు పెద్దల చోటు. పూలు, కుంకుమ పెట్టి ఉన్నచోట చెప్పులు తీసేయండి. సమాధి రాతి మీద కూర్చోవద్దు, సంచి పెట్టొద్దు, పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు కాబట్టి ఫోన్‌తో ఫొటోలకు అడ్డు ఉండదు గానీ, ట్రైపాడ్ పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలి. పెళ్లి ఫొటోల వాళ్లు ఇది తెలియక వెనక్కి పోతుంటారు.

ఇక్కడి నుంచి బయటికొచ్చి అరగంట చాయ్, నాస్తా. గైడ్‌ను కూడా కూర్చోబెట్టండి. నోట్సులో లేని మాటలు ఈ అరగంటలోనే వస్తాయి.

5. జైలు, బయటి నుంచి (10 నిమిషాలు). గోండు రాజుల పాత కోట ఆవరణలోనే జిల్లా జైలు ఉంది. మోలంపల్లి గోండు జమీందారు బాబురావ్ శెడ్మాకేను బ్రిటిష్ వాళ్లు 1858 అక్టోబర్ 21న ఇక్కడే ఉరి తీశారు. ప్రతి ఏటా ఆ రోజున గోండులు గుమిగూడి నివాళి అర్పిస్తారు. మామూలు రోజుల్లో లోపలికి పోనివ్వరు, అడిగి ఇబ్బంది పెట్టొద్దు. జైలు గోడనూ కాపలావాళ్లనూ ఫొటో తీయొద్దు. నడక దారికి ఇది కొంచెం పక్కకు ఉంటుంది కాబట్టి, ఎక్కడ కలపాలో గైడ్‌కే వదిలేయండి.

6. మహాకాళి గుడి (30 నిమిషాలు). అంచలేశ్వర్ దర్వాజా దాటి ఝర్పట్ వైపు. ఈ గుడి కూడా హిరాయి పేరుతోనే ముడిపడింది. దర్శనం వేరు, నడక వేరు. లైనులో నిలబడాలనుకునేవాళ్లు గైడ్‌ను వదిలేశాక వెళ్లండి, లేకపోతే మాట్లాడుకున్న నాలుగు గంటల్లో గంట లైనుకే పోతుంది. గైడ్‌తో ఉన్నప్పుడు బయటి నుంచి చూసి, యాత్రికులు దిగే చోట్లు, జాతర సాగే తీరు అడగండి.

7. లాల్‌పేఠ్ ఏకశిలలు (40 నిమిషాలు, ఆటోలో). చాలా గుంపులు అలసిపోయి దీన్ని వదిలేస్తాయి. వదలొద్దు. తెలుగువాళ్లయితే అసలే వదలొద్దు. ఆరుబయట పెద్ద పెద్ద ఏకశిలా విగ్రహాలు నేల మీద పడి ఉంటాయి: శివలింగం, నంది, గణపతి, హనుమంతుడు, చేప, తాబేలు, అన్నిటినీ మించిన పదితలల దుర్గ. ఆ దుర్గ పొడవు పాతిక అడుగుల దాకా ఉంటుంది. తలలు చూసి ఊళ్లో దాన్ని రావణుడంటారు. వీటిని చెక్కించింది రాయప్ప అనే కోమటి అనీ, గొప్ప శివాలయం కట్టబోయి, అది లేవకముందే పోయాడనీ ఇక్కడి కథ. అందుకే ఈ చోటును అపూర్ణ దేవాలయం అంటారు. గోండు రాజుల ఊళ్లో ఒక తెలుగు షావుకారు ఇంత రాయి కదిలించాడన్న మాట ఎవరినైనా ఆపి నిలబెడుతుంది. అయితే మూడు ప్రశ్నలూ ఇక్కడే గట్టిగా అడగాలి.

చూసే పద్ధతి చెప్తాం. దుర్గ విగ్రహం పక్కన నిలబడితే ఏమీ అర్థం కాదు, రాతిగుట్టలా ఉంటుంది. పాదాల వైపు వెళ్లి అక్కడి నుంచి తలల వైపు చూడండి, ఒళ్లంతా ఒక్కసారి లేచి నిలబడ్డట్టు తెలుస్తుంది. తర్వాత మోకాళ్ల మీద కూర్చొని అంచు వెంట చూపు పోనివ్వండి. పూర్తయిన చోట రాయి నునుపుగా ఉంటుంది, పూర్తి కానిచోట ఉలి దెబ్బలు గీతలు గీతలుగా అలాగే ఉంటాయి. రాయి ఎంత మందమో కూడా అక్కడే కనిపిస్తుంది. విగ్రహాల మీద నడిచి ఫొటో దిగేవాళ్లుంటారు. మీ గుంపులో ఎవరూ అలా చేయకుండా చూసుకోండి.

ఎక్కడ చెడుతుంది

ఆలస్యంగా మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఎనిమిదికి మొదలైన నడక గోడ మీదికి చేరేసరికి ఎండ ఎక్కుతుంది, పిల్లలు మొరాయిస్తారు, పెద్దలు సమాధుల దగ్గర కూలబడతారు, లాల్‌పేఠ్ రద్దవుతుంది. ఊరి నుంచి అదే రోజు వచ్చేవాళ్లు ఆరున్నరకు అందుకోలేమనుకుంటే పొద్దుటి నడక వదిలేసి, చలికాలంలో మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెట్టండి. అప్పుడు వరస తిరగేయాలి: లాల్‌పేఠ్ ముందు, సమాధులు తర్వాత, చివరికి బింబా దర్వాజా. అది పడమటి ముఖం కాబట్టి సాయంత్రపు ఎండలో చెక్కడం బాగా తేలుతుంది. గోడ ఎక్కడం మాత్రం పొద్దు వాలకముందే ముగించాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే రెండో అంశం (గోడ మీది నడక) పూర్తిగా వదిలేసి, వాళ్లను ఆటోలో నేరుగా అంచలేశ్వర్ దగ్గరికి పంపండి, మిగతావాళ్లు గోడ మీదుగా వచ్చి కలుస్తారు. ఆటోవాడికి “కోట” అని చెప్తే జట్‌పురాకే తీసుకుపోతాడు. “అంచలేశ్వర్ గేట్, గోండ్ రాజా సమాధీ” అని రెండూ కలిపి చెప్పండి.

గైడ్ తొందర పెడితే మొహమాటపడొద్దు. మాట్లాడుకున్న గంటలు గుర్తు చేసి, మిగిలిన సమయమంతా సమాధుల దగ్గరో లాల్‌పేఠ్‌లోనో గడుపుదామనండి. తేనెటీగలు లేస్తే చేతులు ఊపొద్దు, పరుగెత్తి గోడ దూకొద్దు. తువ్వాలు తలకూ ముఖానికీ చుట్టుకొని, వంగి, వచ్చిన దారినే మెట్ల వైపు దిగండి. అడుగేసే చోటు చూసుకోండి, గోడ మీద అప్పుడే కాళ్లు విరుగుతాయి.

డబ్బు చివర్లో, అందరి ముందూ, చెప్పిన మొత్తం ఇచ్చేయండి. బాగా చెప్పిన మనిషికి పైన కొంత ఇవ్వండి, పేరు రాసుకొని మీ ఊళ్లో చెప్పండి. గోడ ఈ మాత్రం నిలబడి ఉందంటే దాన్ని రోజూ పట్టించుకునే ఇలాంటివాళ్ల వల్లే.

మధ్యాహ్నం మిగిలితే

సాయంత్రం రైలు బల్లార్షాలో ఉన్నవాళ్లు భోజనం చేసి బల్లార్‌పూర్ కోట చూసి పోవచ్చు. వార్ధా ఒడ్డునే ఉంటుంది. చాందాకు ముందటి రాజధాని ఇదే, చివరి రాజు నీల్‌కంఠ్ షాను ఖైదు చేసి ఉంచిందీ ఇక్కడే. గంట చాలు. నది వైపు మెట్లు, గట్టు జారుతాయి, పిల్లల చేయి వదలొద్దు. చీకటి పడేలోపు బయటికొచ్చేయండి, స్టేషన్ దాకా ఆటోను లోపలికి వెళ్లేటప్పుడే మాట్లాడి బయట ఉంచుకోండి.